హెక్స్ కోడ్ వస్తోంది కానీ విమానం వివరాలు పాతవి: సరైన డేటా ఎక్కడ దొరుకుతుంది, ఎలా మార్చుకోవాలి?

చుక్కలదారి
అందరికీ నమస్తే. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్), చిన్న యాంటెన్నాతో విమానాల సిగ్నళ్లు పట్టుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను. మ్యాప్ మీద విమానాలు చక్కగా కదులుతున్నాయి. ఇబ్బందల్లా వాటి వివరాలతోనే. కొన్నింటికి రిజిస్ట్రేషన్ రావట్లేదు, ఆరు అక్షరాల హెక్స్ కోడ్ ఒక్కటే కనిపిస్తోంది. కొన్నింటికి వస్తోంది కానీ నమ్మేలా లేదు. 35,000 అడుగుల ఎత్తులో 450 నాట్ల వేగంతో పోతున్నదాన్ని సెస్నా 172 అని చూపిస్తోంది! ఇంకొన్ని విమానాలు ఇప్పుడు లేని ఎయిర్‌లైన్ పేరుతో తిరుగుతున్నాయి.

ఈ వివరాలు విమానమే పంపుతుందా, లేక ఏదో లిస్టులోంచి వస్తున్నాయా? లిస్టయితే తాజాది ఎక్కడ దొరుకుతుంది? నేనే సరిచేసుకోవచ్చా?

మేఘమాల
ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారండీ? జవాబు దాన్ని బట్టి మారుతుంది.

చుక్కలదారి
రాస్ప్‌బెరీ పై (చిన్న కంప్యూటర్) మీద సిగ్నళ్లను డీకోడ్ చేసే రీడ్‌ఎస్‌బీ, మ్యాప్ కోసం టార్1090. విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ రాడార్ సర్వర్ కూడా వేసి చూస్తున్నాను. రెండూ ఒకే విమానానికి రెండు పేర్లు చెబుతున్నాయి. అందుకే ఈ ప్రశ్న.

నీలిగగనం
రెండు పేర్లు రావడంలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబుంది. సిగ్నల్ ఒక్కటే, లిస్టులు రెండు.

1090 మెగాహెర్ట్జ్ మీద వచ్చే ఏడీఎస్-బీ (విమానం తన స్థానం వగైరా తానే ప్రసారం చేసే పద్ధతి) సందేశం మొత్తం 112 బిట్లు. అందులో 24 బిట్లు విమానం చిరునామా. దాన్నే మనం, 0–9 అంకెలు, ఏ–ఎఫ్ (A–F) అక్షరాలతో రాసిన ఆరు అక్షరాల హెక్స్‌గా చూస్తాం. మిగతా చోట్లో స్థానం, ఎత్తు, వేగం లాంటివి వంతులవారీగా వస్తాయి. ఒక రకం సందేశంలో ఎనిమిది అక్షరాల దాకా కాల్‌సైన్, దానితోపాటు విమానం ఏ కోవకు చెందిందో చెప్పే ఒక గుర్తు ఉంటాయి. అంతే. రిజిస్ట్రేషన్, మోడల్, యజమాని, తయారైన సంవత్సరం ఈ సందేశాల్లో ఉండవు. మీ తెరమీద అవి కనిపిస్తున్నాయంటే, హెక్స్‌ను పట్టుకుని ఎవరో తయారుచేసిన పట్టికలో వెతికి చూపించారని అర్థం. ఆ పట్టిక పాతదైతే పేరూ పాతదే.

కోవ గుర్తును మాత్రం చిన్నచూపు చూడకండి. అది విమానం స్వయంగా చెప్పేది. ఏ1 అంటే తేలికపాటిది, ఏ3 అంటే మామూలు జెట్ ఎయిర్‌లైనర్ల బరువున్నది, ఏ5 అంటే భారీది, ఏ7 హెలికాప్టర్, బీ1 గ్లైడర్. మీ ‘సెస్నా’ మీద క్లిక్ చేసి కోవ ఏమిటో చూడండి. ఏ3 అని ఉంటే తప్పు పట్టికలో ఉంది. వేగం, ఎత్తు ఎలాగూ అదే చెబుతున్నాయి.

హెక్స్ మొదటి అక్షరాలు చూస్తే ఏ దేశపు రిజిస్టరులోదో తెలుస్తుంది. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) మొత్తం చిరునామాలను దేశాలవారీగా పంచింది. 800000 నుంచి 83ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా భారతదేశానివి. 400000 నుంచి 43ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా బ్రిటన్‌వి. 3సి తో మొదలైతే జర్మనీ, 7సి అయితే ఆస్ట్రేలియా. ‘ఏ’ (A) అనే అక్షరంతో మొదలైతే అమెరికా. పట్టికలో ఏమీ దొరక్కపోయినా కనీసం ఏ దేశపు రిజిస్టరు వెతకాలో ఇది చెబుతుంది.

చుక్కలదారి
చూశాను, ఏ3 అనే ఉంది. మరి ఆ హెక్స్‌కు సెస్నా పేరు ఎలా అంటుకుంది?

నీలిగగనం
ఎక్కువసార్లు జరిగేది ఒకటే. పాత విమానం రిజిస్టరు నుంచి తొలగిపోయాక, కొన్ని దేశాల్లో ఆ చిరునామాను కొన్నాళ్లకు వేరే విమానానికి ఇచ్చేస్తారు. మీ పట్టికలో పాత వరుస అలాగే ఉండిపోయింది. అరుదుగా ఈ సిగ్నళ్లను పంపే పరికరమైన ట్రాన్స్‌పాండర్‌లోనే తప్పు చిరునామా నమోదై ఉంటుంది, లేదా వేరే విమానంలోంచి తీసిన పరికరాన్ని బిగించి కోడ్ మార్చరు. అన్నీ సున్నాలు, అన్నీ ఎఫ్‌లు ఉన్న చిరునామాలు ఏ విమానానికీ ఇవ్వకూడనివి. 123456 లాంటివి కనిపించినా అనుమానించాల్సిందే. అలాంటివాటిని పట్టికలో చేర్చవద్దు. రేపు అదే కోడ్‌తో ఇంకోటి ఎగురుతుంది.

పాతరిసీవర్
వర్చువల్ రాడార్ సర్వర్ గురించి నేను చెబుతాను. బేస్‌స్టేషన్ కాలం నుంచి ఈ ఫైలుతోనే నా సావాసం.

అది వాడేది బేస్‌స్టేషన్ ఎస్‌క్యూబీ అనే ఫైలు. కైనెటిక్ వాళ్ల ఎస్‌బీఎస్-1 రిసీవర్‌తో వచ్చిన ప్రోగ్రాం నుంచి ఇది వాడుకలోకి వచ్చింది. పేరు కొత్తగా ఉన్నా లోపలంతా మామూలు ఎస్‌క్యూలైట్ డేటాబేసే. ఎస్‌క్యూలైట్ కోసం ఉచితంగా దొరికే బ్రౌజర్ ప్రోగ్రాంతో తెరవండి. ఎయిర్‌క్రాఫ్ట్ అనే టేబుల్ ఉంటుంది. అందులో మోడ్-ఎస్ హెక్స్ (మన ఆరు అక్షరాల కోడే), రిజిస్ట్రేషన్, ఐకావో టైప్ కోడ్, ఆపరేటర్ ఫ్లాగ్ కోడ్, సీరియల్ నంబరు, యజమాని పేరు అన్నీ వేర్వేరు గళ్లలో ఉంటాయి. తెరిచే ముందు వర్చువల్ రాడార్ సర్వర్ ఆపండి, ఫైలుకు ఒక కాపీ తీసిపెట్టుకోండి. ఇది మాత్రం మరచిపోవద్దు.

టైప్ కోడ్ గడిలో మీకు తోచింది రాస్తే బొమ్మ రాదు. ఐకావో డాక్యుమెంట్ 8643లో ఉన్న కోడ్‌నే వేయాలి. బోయింగ్ 737-800 అయితే బీ738, 737 మ్యాక్స్ 8 అయితే బీ38ఎమ్, ఎయిర్‌బస్ ఏ320 నియో అయితే ఏ20ఎన్, ఏటీఆర్ 72-600 అయితే ఏటీ76. ఫ్లాగ్ కోడ్ గడిలో ఎయిర్‌లైన్ మూడక్షరాల ఐకావో కోడ్ వేస్తే లోగో వస్తుంది. ప్రయాణికుల విమానాన్ని సరుకు విమానంగా మార్చినా టైప్ కోడ్ మారదు. 737-800 సరుకుదైనా బీ738 గానే ఉంచండి.

ఇంకో సంగతి. వర్చువల్ రాడార్ సర్వర్ తనంతట తాను ఈ ఫైల్లో రాయదు. రాయడానికి డేటాబేస్ రైటర్ అనే ప్లగిన్ వేరుగా వేసుకోవాలి. చాలామంది ఏళ్ల తరబడి అదే ఫైలు వాడుతూ, దానంతట అదే కొత్తదవుతోందని అనుకుంటుంటారు.

డేటాపిచ్చుక
రాస్ప్‌బెరీ పై వైపు సంగతి నేను చూస్తాను. టార్1090 పట్టికను దాని నిర్వాహకులు తరచూ తాజా చేస్తూనే ఉంటారు. ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌ను మళ్లీ ఒకసారి నడిపితే మ్యాప్‌తోపాటు పట్టిక కూడా కొత్తది దిగుతుంది. తర్వాత రీడ్‌ఎస్‌బీ సెట్టింగుల్లో ఆ పట్టిక ఉన్న సీఎస్‌వీ ఫైలు దారి ఇచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే డీకోడర్ ఇచ్చే డేటాలో రిజిస్ట్రేషన్, టైప్ ఉండవు. చివర్లో బ్రౌజర్‌లో పేజీని పూర్తిగా రీలోడ్ చేయండి.

ఇక అసలు వనరులు. నా ఓటు ముందు ప్రభుత్వ రిజిస్టర్లకే. అందులో అమెరికాది హాయిగా ఉంటుంది. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ మొత్తం రిజిస్టరును జిప్ ఫైలుగా ఇస్తుంది, రోజూ తాజా చేస్తుంది. మాస్టర్ అనే ఫైల్లో విమానాలు, ఎయిర్‌క్రాఫ్ట్ రిఫరెన్స్ ఫైల్లో మోడళ్లు, ఇంకో ఫైల్లో తొలగించినవి ఉంటాయి. మాస్టర్‌లో మోడ్-ఎస్ కోడ్ రెండుసార్లు కనిపిస్తుంది. ఒకటి ఆక్టల్ (0–7 అంకెలే వాడే పద్ధతి), రెండోది హెక్స్. మనకు కావలసింది రెండోది. ఏ00001 అనే హెక్స్ ఆక్టల్‌లో 50000001 అవుతుంది. పొరపాటున ఆ గడి తీసుకుంటే ఒక్క విమానం కూడా కలవదు. రిజిస్ట్రేషన్ గడిలో ముందుండే ఎన్ అక్షరం ఉండదు, మీరే చేర్చాలి. గళ్ల చివర ఖాళీలు ఉంటాయి, అవి కత్తిరించాలి. ఐకావో టైప్ కోడ్ అసలే ఉండదు. మోడల్ పేరు చూసి 8643తో మీరే జత కలుపుకోవాలి. అక్కడే శ్రమంతా.

అమెరికాకు ఇంకో సుఖం ఉంది. ఎన్ నంబరు నుంచి హెక్స్‌ను లెక్కకట్టవచ్చు. ఎన్1 అంటే ఏ00001, ఎన్99999 అంటే ఏడీఎఫ్7సి7. మధ్యలో 9,15,399 నంబర్లు వరుసగా సర్దుకుంటాయి. అందుకే పట్టికలో లేని అమెరికా విమానానికీ కొన్ని ప్రోగ్రాంలు రిజిస్ట్రేషన్ చూపించగలవు. బ్రిటన్‌లో ఇలా లెక్క కుదరదు. అక్కడ జీ-ఇన్ఫో రిజిస్టరులో ఒక్కో విమానం పేజీలో హెక్స్ ఇస్తారు.

అన్ని దేశాలదీ ఒకేచోట కావాలంటే ఓపెన్‌స్కై నెట్‌వర్క్ పట్టిక సీఎస్‌వీగా దొరుకుతుంది. ఏడీఎస్‌బీ ఎక్స్ఛేంజ్ కూడా ఒక పట్టికను దించుకోవడానికి పెట్టింది. ఫొటో సైట్ల నుంచి ప్రోగ్రాంతో వేలకొద్దీ పేజీలు లాగేయవద్దు. దించుకోమని పెట్టిన ఫైళ్లు ఉండగా ఆ పని అన్యాయం.

ఎక్సెల్ గురించి గట్టిగా చెబుతున్నా. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవకండి. 8005ఈ2 అనే హెక్స్‌ను అది 8005 ఇంటూ పది వర్గం అనుకుని 800500గా మార్చేస్తుంది. రెండూ చెల్లే చిరునామాలే, కాబట్టి తప్పు జరిగినట్టు కూడా తెలియదు. దక్షిణాఫ్రికా, ఈజిప్టు చిరునామాలు సున్నాతో మొదలవుతాయి. అంకెలే ఉన్నవాటికి ఆ సున్నాలు ఎగిరిపోతాయి. ఇంపోర్ట్ చేసేటప్పుడు హెక్స్ గడిని టెక్స్ట్ అని ఎంచుకోండి.

రెక్కలు
నేను ఫొటోలు తీసే వైపు నుంచి వచ్చినవాణ్ణి. పట్టిక ఎందుకు పాతబడుతుందో తెలిస్తే ఎలా సరిచేయాలో తేలికగా అర్థమవుతుందని నా నమ్మకం. రెండు ఉదాహరణలు చెబుతాను. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. విమానాల రిజిస్ట్రేషన్ మారలేదు, హెక్స్ మారలేదు. మారింది ఆపరేటర్, కాల్‌సైన్. పాత పట్టిక ఉన్నవాళ్లకు ఇప్పటికీ విస్తారా అనే వస్తుంటుంది. ఇక్కడ ఉన్న వరుసలో ఒక గడి మారిస్తే సరిపోతుంది.

దీనికి ఎదురుది 2022లో జరిగింది. రష్యా ఎయిర్‌లైన్లు లీజు మీద నడిపిన విమానాల్లో చాలావాటికి బెర్ముడా రిజిస్ట్రేషన్ ఉండేది. ఆ హెక్స్‌లు బ్రిటన్ బ్లాకులోనివి. మార్చిలో బెర్ముడా వాటి ఎగిరే అర్హత పత్రాలను నిలిపివేసింది. ఆ విమానాలు రష్యా రిజిస్టరులోకి వెళ్లాయి. అదే విమానం, అదే ఎయిర్‌లైన్, కానీ కొత్త రిజిస్ట్రేషన్, కొత్త హెక్స్. ఇలాంటప్పుడు పాత వరుసను దిద్దితే కుదరదు. కొత్త వరుస రాయాలి, పాతదాన్ని ముగించాలి.

ఈ రెండో రకంలో విమానాన్ని గుర్తుపట్టించేది ఎంఎస్ఎన్, అంటే తయారీదారు వేసిన సీరియల్ నంబరు. దేశం మారినా, రంగు మారినా, యజమాని మారినా అది మారదు. మనిషి ఇల్లు మారినా పుట్టుమచ్చ మారనట్టు. అయితే ఎంఎస్ఎన్ ఒక్కదాన్నే చూసి జత కలపకండి. ఏ320 కుటుంబానికి ఒక వరుస, ఏ330కి ఇంకో వరుస. అదే అంకె రెండింటిలోనూ ఉంటుంది. మోడల్, ఎంఎస్ఎన్ రెండూ కలిస్తేనే ఖాయం. బోయింగ్‌కు సీరియల్ నంబరు వేరు, లైన్ నంబరు వేరు. రెండూ కలగాపులగం చేసిన పట్టికలు చాలా చూశాను.

చుక్కలదారి
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. స్క్రిప్ట్ మళ్లీ నడిపాను, సెస్నా పోయి ఏ320 నియో వచ్చింది! పాత ఎయిర్‌లైన్ పేర్లు కూడా చాలావరకు సర్దుకున్నాయి.

ఇప్పుడు కొత్త సందేహం. ఒక హెక్స్‌కు మూడు చోట్ల వెతికితే మూడు జవాబులు వచ్చాయి. ఒకటి ఒక ఎయిర్‌లైన్ అంటోంది, ఒకటి లీజు కంపెనీ పేరు చెబుతోంది, కాల్‌సైన్ చూస్తే మూడో ఎయిర్‌లైన్‌ది. ఎవరిని నమ్మాలి?

నీలిగగనం
మూడూ నిజమే కావచ్చు. రిజిస్టరులో యజమాని లీజు కంపెనీ. దాన్ని తీసుకుని నడుపుతున్నది ఒక ఎయిర్‌లైన్. ఆ ఎయిర్‌లైన్ తన విమానాన్ని, సిబ్బందిని కలిపి కొన్నాళ్లు మరొకరికి అద్దెకిస్తే కాల్‌సైన్ ఆ మూడోవారిది. దాన్ని వెట్ లీజు అంటారు. యజమాని గడి, ఆపరేటర్ గడి వేరువేరుగా ఉంచుకోండి. ఒకటి రెండు రోజుల కాల్‌సైన్ చూసి ఆపరేటర్‌ను మార్చేయకండి.

నిజంగా వివరాలు గొడవపడితే నేను పాటించే వరుస ఇది. రిజిస్ట్రేషన్‌కు ఆ దేశపు అధికారిక రిజిస్టరే చివరి మాట. టైప్ కోడ్‌కు, రిజిస్టరులో రాసిన మోడల్‌ను డాక్యుమెంట్ 8643తో పోల్చి చూడటం. ఆపరేటర్‌కు, కాల్‌సైన్ కొన్ని వారాలపాటు ఏం చెబుతోందో చూడటం, వీలైతే తేదీ ఉన్న తాజా ఫొటో. చిన్న విమానాలకు ఇంకా సులువు. విమాన సర్వీసు నంబరు లేనప్పుడు కాల్‌సైన్‌గా రిజిస్ట్రేషన్‌నే, మధ్యలో గీత లేకుండా వేస్తారు. విమానమే తన పేరు చెబుతున్నట్టు. దాన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది?

పాతరిసీవర్
దానికి ఒక చిన్న హెచ్చరిక. కాల్‌సైన్ సిబ్బంది చేత్తో ఎక్కించేది. ఒక అక్షరం తప్పు పడటం, ముందు సర్వీసుది అలాగే ఉండిపోవడం మామూలే. ఒకసారి కనిపిస్తే రాసుకోండి, రెండు మూడు రోజుల్లో మళ్లీ కనిపిస్తే నమ్మండి.

గాలిపటం77
అందరూ వివరాలు నింపడం గురించే మాట్లాడుతున్నారు. నింపకూడనివీ ఉన్నాయి, అవి కూడా చెప్పుకోవాలి.

అమెరికాలో పీఐఏ అనే కార్యక్రమం ఉంది. కోరుకున్న యజమానికి ఎఫ్ఏఏ తాత్కాలిక చిరునామా ఇస్తుంది. అది రిజిస్టరులో ఆ విమానం పేరుతో కనిపించదు, కొన్నాళ్లకు మారుతుంది. ఎల్ఏడీడీ అనేది ఇంకోటి. అందులో ఉన్న విమానాలను ఎఫ్ఏఏ ఇచ్చే సమాచార ప్రవాహం వాడేవాళ్లు బయటికి చూపించకూడదు. మన సొంత యాంటెన్నాకు అవి ఎలాగూ వినిపిస్తాయి. టార్1090 పట్టికలో సైనిక విమానం, పీఐఏ, ఎల్ఏడీడీ అని గుర్తులు కూడా ఉంటాయి.

నా మనవి ఒక్కటే. పీఐఏ చిరునామాకు వెనకున్న అసలు విమానాన్ని కనిపెట్టి ఉమ్మడి పట్టికలోకి ఎక్కించకండి. ఎలాగూ ఆ చిరునామా మారిపోతుంది, డేటాగా దానికి విలువ లేదు. పైగా ఆ మనిషి కోరుకున్న చాటును మనం తీసేసినట్టవుతుంది. చిన్న విమానాల విషయంలో వ్యక్తుల పేర్లు, చిరునామాలు నింపడం కూడా నాకు ఇష్టం ఉండదు. మనకు కావలసింది ఎగిరేది ఏమిటన్నది. కొన్న మనిషి ఎవరన్నది కాదు.

రెక్కలు
పూర్తిగా ఒప్పుకుంటాను.

మేఘమాల
హెక్స్ ముందు వంకర గీత (~) ఉన్నవాటి గురించి ఎవరూ చెప్పలేదు. టార్1090లో అలా వస్తే అది ఐకావో చిరునామా కాదని అర్థం. నేల మీది కేంద్రాలు తిరిగి ప్రసారం చేసేవాటిలో కొన్ని అలా వస్తాయి. వాటిని పట్టికలో వెతకవద్దు, చేర్చవద్దు.

గ్లైడర్లు చూసేవాళ్లకు వేరే పట్టిక ఉంది. వాటిలో చాలావాటికి ఢీకొనకుండా హెచ్చరించే ఫ్లార్మ్ పరికరం ఉంటుంది. ఓపెన్ గ్లైడర్ నెట్‌వర్క్ నడిపే పరికరాల పట్టికలో యజమానులే తమ వివరాలు నమోదు చేసుకుంటారు, చూపించవద్దని కూడా చెప్పుకోవచ్చు. గాలిపటం గారు చెప్పిన మర్యాద అక్కడ పద్ధతిలోనే ఉంది.

చుక్కలదారి
నేను చేత్తో దిద్దిన వరుసలు పట్టికను మళ్లీ తాజా చేసినప్పుడు పోతాయా?

డేటాపిచ్చుక
పోతాయి. దించిన ఫైలు మీద నేరుగా రాయకండి. మీ దిద్దుబాట్లు ఒక చిన్న వేరే ఫైల్లో ఉంచండి. హెక్స్, రిజిస్ట్రేషన్, టైప్, ఎంఎస్ఎన్, ఎక్కడ చూశారో, ఏ తేదీన చూశారో. ఈ చివరి రెండు గళ్లు లేకపోతే ఏడాది తర్వాత మీ మాట కొత్తదో ఉమ్మడి పట్టిక మాట కొత్తదో మీకే తెలియదు. ప్రతి తాజా ఫైలు దిగాక మీ చిన్న ఫైలును దాని మీద పరిచే స్క్రిప్ట్ రాసుకోండి. రెండూ ఒకే మాట చెబుతున్న వరుసలను మీ ఫైల్లోంచి తీసేయండి. అది పెరుగుతూ పోకూడదు, తరుగుతూ పోవాలి.

తరగాలంటే దిద్దుబాటును ఉమ్మడి పట్టిక నడిపేవాళ్లకు పంపాలి. పంపేటప్పుడు ‘ఇది తప్పు’ అని వదిలేయకండి, రిజిస్టరు లింకు జతచేయండి. నేను ఒక సైటుకు ఆధారం లేకుండా పంపినవి నెలల తరబడి అలాగే ఉండిపోయాయి. లింకుతో పంపినవి త్వరగా మారాయి. వాళ్లూ మనలాగే తీరిక వేళల్లో చేసేవాళ్లు. వాళ్ల పని తగ్గిస్తే మన పని అవుతుంది.

పాతరిసీవర్
తీసేయడం అనే మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. రిజిస్టరు నుంచి పోయిన విమానం వరుసను నేను చెరపను. పాత లాగులు (రిసీవర్ రాసిపెట్టిన రికార్డులు) తిరగేసినప్పుడు ఆ రోజు ఆ హెక్స్ ఎవరిదో తెలియాలి. చెరిపితే చరిత్ర పోతుంది.

డేటాపిచ్చుక
చరిత్ర విషయంలో మీరన్నదే సరి. కానీ చూపించే పట్టికలో ఒక హెక్స్‌కు ఒకే వరుస ఉండాలి, లేకపోతే మళ్లీ సెస్నాలు 35,000 అడుగుల్లో ఎగురుతాయి. అందుకే నేను రెండు టేబుళ్లు పెట్టుకుంటాను. ఒకటి ఇవాళ్టిది. రెండోదాంట్లో హెక్స్‌తోపాటు ‘ఎప్పటి నుంచి’, ‘ఎప్పటి వరకు’ అనే తేదీలు. మ్యాప్ మొదటిదాన్ని చూస్తుంది, లాగులు రెండోదాన్ని చూస్తాయి.

పాతరిసీవర్
అలాగైతే నాకు సమ్మతమే. ఎస్‌క్యూబీ ఫైల్లో హెక్స్ గడి ఒక్కదానికి ఒక్కటే ఒప్పుకుంటుంది కాబట్టి చరిత్ర టేబుల్‌ను వేరే ఫైల్లో పెట్టాలి. నావి పాత బ్యాకప్‌లు చాలా ఉన్నాయి. వాటి నుంచి ఆ ‘ఎప్పటి వరకు’ తేదీలు కొంత రాబట్టవచ్చు. మీ టేబుల్ నమూనా పంపితే మొదలుపెడతాను.

చుక్కలదారి
వారం నుంచి వేరే ఫైలు పద్ధతిలోనే చేస్తున్నాను. ఖాళీగా ఉన్నవాటిలో చాలావరకు నిండాయి. రెండు దిద్దుబాట్లు లింకులతో ఉమ్మడి పట్టికకు పంపాను.

ఒకటి మాత్రం తేలట్లేదు. ఫ్రాన్స్ బ్లాకులోని హెక్స్. ఒక పట్టిక ఏ321 నియో అంటోంది, పోయిన ఏడాది పట్టికలో ఏ320 నియో. రిజిస్ట్రేషన్ ఎఫ్-డబ్ల్యూతో మొదలవుతోంది. ఏది రాయాలి?

రెక్కలు
ఏదీ రాయకండి. ఎఫ్-డబ్ల్యూ అంటే పరీక్షా రిజిస్ట్రేషన్. ఎయిర్‌బస్ కొత్త విమానాలను అప్పగించే ముందు వీటితో ఎగరేస్తుంది. ఒకటి వెళ్లిపోయాక అదే రిజిస్ట్రేషన్ తర్వాతి విమానానికి వస్తుంది. కాబట్టి మీ రెండు పట్టికలూ వాటి వాటి తేదీలకు సరైనవే. బోయింగ్ కూడా ఇలాగే కొన్ని ఎన్ నంబర్లను తిప్పి తిప్పి వాడుతుంది. రెంటన్‌లో తయారయ్యే 737ల మీద ఎన్1786బీ ఎన్నోసార్లు కనిపించింది.

పట్టికలో ‘పరీక్ష, ఎయిర్‌బస్’ అని మాత్రం పెట్టండి, టైప్ గడి ఖాళీగా వదలండి. ఇవాళ ఎగురుతున్నదాని ఎంఎస్ఎన్ ఎక్కడైనా దొరికితే తేదీతో చరిత్ర టేబుల్‌లో రాసుకోండి. అప్పగించేటప్పుడు కొన్న దేశపు రిజిస్ట్రేషన్, కొత్త హెక్స్ వస్తాయి. ఆ ఎంఎస్ఎన్‌తో రెండు వరుసలనూ కలపవచ్చు.

చుక్కలదారి
ఎంఎస్ఎన్ దొరికింది. తేదీతో సహా రాసి పెట్టాను. కొత్త హెక్స్ కనిపించగానే ఇక్కడే చెబుతాను.